చదువు మొదలుపెట్టు తేదీ నిర్ణయించుట గురించి

ఈ కేసులో మొదటి ముద్దాయి మీరే. వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అని చూడకండి. "తొందరేముందమ్మా, ఎప్పుడు మొదలుపెట్టాలో నింపాదిగా ఆలోచించుకుని మొదలుపెట్టు" అని టీ కప్పు చేత్తో పట్టుకుని సలహా చెప్పిన ప్రతివాళ్లూ ముద్దాయిలే. అందులో నేరమేముందంటారా? కూర్చుని వినండి. ఎలాగూ కూర్చునే ఉంటారు, మీ వంతు పని నిలబడి చేసేవాళ్లు ఇంకొకరున్నారు కాబట్టి.

ఒకానొక ఇంటి కోడలు లా చదవవచ్చునని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్మానించారు. మామగారు సరేనన్నారు, అత్తగారు తలూపారు, మొగుడు చప్పట్లు కూడా కొట్టాడు. ఇంత విశాల హృదయం గల కుటుంబాన్ని ఊరేగించాల్సిందే. ఇక తేలవలసింది ఒక్క చిన్న విషయం: ప్రవేశ పరీక్షకి ఎప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాలి? పరీక్ష ఆరు నెలల దూరంలో ఉంది. ఆరు నెలలంటే ఎంత వ్యవధి! అంత వ్యవధి చేతిలో ఉంటే తెలివైనవాళ్లెవరైనా చదువుతారా? ఆలోచిస్తారు.

కోడలికి లా పిచ్చి ఊరికే పట్టలేదు. ఆమె పదకొండేళ్లుగా ఒక వకీలు దగ్గర టైపిస్టు. ఆ వకీలుని కోర్టంతా వాయిదాల సార్ అంటుంది. కేసు గెలిచిన చరిత్ర ఆయనకి లేదు, ఓడిన చరిత్రా లేదు. గెలుపోటములకి అతీతుడైన మహానుభావుడు. వాయిదా అర్జీలన్నీ కోడలే టైపు చేసేది. ఆయన ఆఫీసులో గోడ వారన బల్ల మీద వారానికోసారి పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. ఆస్పత్రి లాండ్రీలో రోగుల దుప్పట్లు ఉతికేవాళ్లు. చేతులకి తొడుగులు అడిగినందుకు ఒక్క నోటి మాటతో వాళ్లని పనిలోంచి తీసేశారు. వాళ్ల కేసులో ఇరవై ఆరో వాయిదా కాగితం కోడలి మిషను లోంచి బయటికొచ్చిన రోజున, వాళ్లలో పెద్దక్క అనే ఆవిడ బొబ్బలు మానిన చేతులు ఒళ్లో పెట్టుకుని అంది:

"అమ్మా, మా కేసు ఆయనకంటే నీకే బాగా తెలుసు. ఆ నల్లకోటేదో నువ్వే వేసుకోకూడదూ?"

ఆ మాట కోడలికి గుచ్చుకుంది. అదే వారంలో లా కాలేజీ గోడ మీద నోటీసు పడింది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం నడిపే సాయంత్రం తరగతులకి ఇదే ఆఖరు ఏడాది, వచ్చే ఏటి నుంచి ఎత్తివేత. అంటే ఈ పరీక్ష పోతే ఆమె నల్లకోటు కూడా పోయినట్టే.

ఇప్పుడు మామగారి గురించి నాలుగు మాటలు. ఆయన ముప్ఫై నాలుగేళ్లు ఆఫీసులో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. రిటైరైంది ఆయన మాత్రమే, ఆఫీసు రిటైర్ కాలేదు. అది ఆయనతోపాటే ఇంటికొచ్చి హాల్లో మకాం పెట్టింది. ఆ ఇంట్లో కుక్కర్‌కి కొత్త రబ్బరు కావాలన్నా ఫైలు కదలాలి. కిందటిసారి ఆ ఫైలు మూడు వారాలు తిరిగింది, ఆ మూడు వారాలూ కుక్కర్ ఈల వెయ్యకుండా ఈసురోమంటూ ఊదుతూనే ఉంది. అలాంటి ఇంట్లో చదువు విషయం నోటిమాటగా తేలుతుందా? కొత్త ఫైలు తెరిచారు. అట్ట మీద స్వదస్తూరితో "విషయం: కోడలు – లా ప్రవేశ పరీక్ష – చదువు మొదలుపెట్టు తేదీ – నిర్ణయించుట గురించి" అని రాశారు. నిర్ణయం వెలువడే వరకు యథాతథ స్థితి కొనసాగాలని ఉత్తర్వు వేసి, ఆమె కొనుక్కున్న నాలుగు పుస్తకాలనీ బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జంధ్యానికి కాదు, మొలతాడుకీ కాదు, బుద్ధిగా ఫైలుకే ట్యాగుతో కట్టారు.

మొదటి సమావేశం రాత్రి భోజనాల ముందు హాల్లో జరిగింది.

"ఆరు నెలల ముందు చదివితే పరీక్షనాటికి ఒక్క ముక్క గుర్తుండదు. నా అనుభవం," అన్నాడు మొగుడు. ఆయన జీవితంలో రాసిన ఆఖరు పరీక్ష డ్రైవింగ్ లైసెన్సుది.

"నా మోకాలికి కరెంటు పెట్టించుకోవడం అయ్యేదాకా ఆగితే బాగుంటుందేమోరా," అంది అత్తగారు.

"అన్ని కోణాలూ పరిశీలించాలి," అని మామగారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "తప్పుడు తేదీన మొదలుపెట్టిన పని తప్పుగానే ముగుస్తుంది. అమ్మాయ్, మినిట్స్ మూడు కాపీలు తియ్యి."

ఇదీ అసలు సొగసు. ఇంట్లో టైపు వచ్చింది కోడలొక్కదానికే. కాబట్టి తను ఎప్పుడు చదవాలన్న చర్చని రోజూ రెండు గంటలసేపు తనే టైపు చేసేది. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, వడ్డించి, గిన్నెలు తోమి, ఆ తర్వాత "పై అంశమును కూలంకషముగా చర్చించిన మీదట తదుపరి సమావేశమునకు వాయిదా వేయడమైనది" అని కొట్టేది. ఆ రెండు గంటలు చదివుంటే సగం పుస్తకం అయిపోయేది కదా అని మీకు తట్టింది. మీకు తట్టినంత మాత్రాన సరిపోదు, అజెండాలో ఉండాలి.

ఆమె ఊరుకోలేదు. మధ్యాహ్నం డబ్బా తింటూ చదువుదామని చూసింది. "ఏమ్మా, ఖాళీగా ఉన్నట్టున్నావు," అని వాయిదాల సార్ రెండు అర్జీలు బల్ల మీద పడేశారు. విషయం చెబితే ఆయన ముఖం వికసించింది. "లాకి వస్తున్నావా? శుభం! వృత్తిలో మొదటి పాఠం చెబుతా విను. ఏదీ వెంటనే మొదలుపెట్టకు. మొదలుపెట్టావా, ముగించాల్సొస్తుంది."

కోచింగ్ సెంటరు డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన మైకు లేకుండానే మైకు ముందున్నట్టు మాట్లాడాడు. "విజయం అనేది ఒక శాస్త్రం! మా దగ్గర చదువు మొదలుపెట్టేవాళ్లకి ఆరు నెలల కోర్సుంది. మొదలుపెట్టాలా వద్దా అని సందేహించేవాళ్లకి నెల రోజుల సందేహ నివృత్తి కోర్సుంది. సందేహం కూడా ఇంకా మొదలుకానివాళ్లకి ఆదివారం ఉచిత సదస్సుంది. మీరు ఏ దశలో ఉన్నారు?" ఆమె దశ ఫైల్లో ఉంది.

చివరికి ఒక పాత పుస్తకం అడిగి తెచ్చుకుని బస్సులో చదవడం మొదలుపెట్టింది. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో పుస్తకం, చంకలో డబ్బా. నాలుగు రోజులు సాగింది. ఐదో రోజున మామగారి పాత సహోద్యోగి ఒకాయన అదే బస్సులో సీటులో కూర్చుని చూసి, దిగగానే తన పౌరధర్మం నెరవేర్చాడు. ఆ సాయంత్రం మామగారు కేక వెయ్యలేదు. ఆయన పెద్దమనిషి. మెమో డ్రాఫ్టు చేశారు: "తేదీ నిర్ణయము పెండింగులో నుండగా ముందస్తుగా చదువుట క్రమశిక్షణారాహిత్యమని ఏల భావింపరాదో మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను." దాన్ని ఫెయిర్ కాపీ చెయ్యమని కోడలికే ఇచ్చారు. ఆమె తనకి వచ్చిన మెమోని తనే టైపు చేసి, తనే అందుకుని, అందినట్టు సంతకం పెట్టింది.

"ఏమండీ, మీరైనా చెప్పొచ్చుగా?" అని మొగుణ్ని అడిగింది.

"నేనెప్పుడైనా వద్దన్నానా?" అన్నాడాయన నొచ్చుకుని. "నాన్నగారు సంతకం పెట్టనీ. ఆ తర్వాత నిన్నెవరాపుతారో చూస్తాను."

నెలలు గడిచాయి. ఎండలు ఎక్కువని ఒక వాయిదా. వానలకి హాలు కారుతోందని ఒకటి. చుట్టాలొచ్చారని ఒకటి, వచ్చిన చుట్టాలు వెళ్లాక ఇల్లు సర్దుకోవాలని మరొకటి. మొగుడి ఆఫీసులో ఆడిట్ అని ఒకటి. ఫైలు లావెక్కింది, కోడలు సన్నబడింది. ఎక్కడా ఎవరూ వద్దనలేదన్నది మాత్రం ప్రతి పేజీలోనూ స్పష్టంగా నమోదైంది.

పరీక్ష ఇక తొమ్మిది రోజులుందనగా ఉత్తర్వు వెలువడింది. మామగారు లేచి నిలబడి చదివారు. "మోకాలి చికిత్స, ఆడిట్, వాతావరణము మొదలగు సమస్త అంశములను పరిగణనలోకి తీసుకుని, నూతన కార్యమేదైనను నెల మొదటి పనిదినమున ప్రారంభించుట సత్సంప్రదాయము గనుక, రాబోవు నెల ఒకటో తేదీ సోమవారం నుండి చదువు మొదలుపెట్టుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది." మొగుడు మళ్లీ చప్పట్లు కొట్టాడు.

"మామయ్యగారూ, పరీక్ష దానికి ముందురోజే కదండీ. ఆదివారం," అంది కోడలు.

మామగారు ఫైలు వెనక్కి తిప్పుకుంటూ పోయారు. పరీక్ష తేదీ మూడో పేజీలో ఉంది. దాని మీద నూట అరవై పేజీలు పేరుకున్నాయి.

"నిజమే," అన్నారు ఆయన, ఏమాత్రం చలించకుండా. "అయితే సంతకమైపోయిందమ్మా. సవరణకి వేరే ఫైలు పెట్టాలి."

"ఫైలేం వద్దండీ. ఒక్కటే చెప్పండి. నేను ఈ పూట నుంచి చదువుకుంటాను. అంతసేపూ వంటా గిన్నెలూ ఎవరు చూస్తారు?"

ఆరు నెలల చర్చలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మొగుడు ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. అత్తగారు మోకాలు నిమురుకుంది. మామగారు గొంతు సవరించుకున్నారు.

"అది అజెండాలో లేని అంశం."

కోడలు ఫైలు అందుకుంది, ట్యాగు విప్పింది, తాళంచెవి తీసుకుంది, బీరువా తెరిచింది. ఎవరూ అడ్డుపడలేదు. ఆ ఇంట్లో ఎవరూ దేనికీ అడ్డుపడరు, చెప్పాను కదా. తలుపేసుకుని చదువుకుంది. మొదటి రోజు గిన్నెలు సింకులో ఉన్నాయి. రెండో రోజు గట్టు మీదికొచ్చాయి. మూడో రోజు మామగారికి టీకి కప్పు దొరకలేదు. పరిస్థితి తీవ్రతని గుర్తించిన మగవాళ్లిద్దరూ అత్యవసరంగా సమావేశమయ్యారు.

వాళ్లు సమావేశంలో ఉండగా అత్తగారు ఒక చేత్తో గోడ పట్టుకుని సింకు దగ్గరికి నడిచింది. నీళ్ల చప్పుడు విని కోడలు బయటికొచ్చింది.

"అత్తయ్యా! ఆ కాలితో మీరెందుకు నిలబడ్డారు?"

"నువ్వెళ్లి చదువుకోవే. నాలుగు గిన్నెలకి నేను చచ్చిపోను." అని, తల తిప్పకుండానే గొంతు తగ్గించింది. "నాకూ టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది, తెలుసా? మీ ఆయన అప్పటికి కడుపులో ఉన్నాడు. ఎప్పుడు చేరాలో ఆలోచించి చెప్తానన్నారు మీ మామయ్య. ముప్ఫై తొమ్మిదేళ్లయింది, ఇంకా ఆలోచిస్తున్నారు."

ఆ మాటన్న కాసేపటికే మోకాలు మడతపడింది. కోడలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత ఏం చేసిందో మీకు తెలుసు. పీచు అందుకుంది. హాల్లో అత్తగారి త్యాగనిరతిని కొనియాడుతూ తీర్మానం ఆమోదించారు. ఆ రెండు రోజులూ, బస్సులో ఆ నాలుగు రోజులూ, అంతే ఆమె చదివిన చదువు.

ఆదివారం వెళ్లి పరీక్ష రాసింది. న్యాయశాస్త్రం ప్రశ్నలన్నీ పదకొండేళ్లు టైపు కొట్టిన వేళ్లే రాసేశాయి. మిగతా మూడు పుస్తకాలే ఆరు నెలలూ బీరువాలో గడిపాయి. రెండు మార్కులు తగ్గాయి. ఆఖరి సీటు ఆ రెండు మార్కుల అవతల ఆగిపోయింది. ఆ ఏడు చేరినవాళ్ల వెనకే, ఇక కొత్తవాళ్లు రాకుండా సాయంత్రం తరగతుల గదికి తాళం పడింది.

మామగారు సంతాప సమావేశం పిలిచి డ్రాఫ్టు వినిపించారు: "నిర్ణీత ప్రారంభ తేదీకి ఒక రోజు ముందుగానే తొందరపడి పరీక్ష రాసినందున ఈ వైఫల్యము సంభవించినదని కమిటీ అభిప్రాయపడుచున్నది." అని, అలవాటుగా కాగితం కోడలి వైపు చాచారు.

"మీరే కొట్టుకోండి," అంది కోడలు. లేచి వెళ్లి అత్తగారి కాలికి వేడినీళ్ల సంచి పెట్టింది. మామగారు ఒక్కవేలితో ఇప్పటికీ ఆ మొదటి వాక్యంలోనే ఉన్నారట. లాండ్రీ ఆడవాళ్ల కేసు ఇరవై తొమ్మిదో వాయిదాకి చేరింది. పెద్దక్క ఇప్పుడు రావడం లేదు. బల్ల మీద ఆవిడ చోట్లో వేరే ఆవిడ కూర్చుంటోంది.

అయ్యో పాపం అంటున్నారా? మీ అయ్యో ఎవరికి కావాలి? కాలేజీవాళ్లు ఆ గది తాళం తియ్యాలి. ఈ ఏడే తియ్యాలి. తియ్యకపోతే ఆ పన్నెండు మందిని తీసుకుని గేటు ముందు కూర్చుందాం, అక్కడ కూర్చోవడానికి కమిటీ అక్కర్లేదు. అది రేపటి పని. ఈ పూట పని ఇంకోటుంది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకావిడ ఏదో ఒకటి చదవాలనుకుంటోంది, మీరు వద్దనని మంచివాళ్లే. ఈ కాగితం కింద పెట్టండి. లేవండి. వంటింట్లోకి వెళ్లండి. పీచు ఎక్కడుందని ఆమెను పిలిచి అడగకండి, వెతుక్కోండి.