నెదెల్కా అవ్వ బూడిదకు అనుమతి

మనిషి నిప్పును కనిపెట్టిన నాటి నుంచి బూడిద ఒక పద్ధతీ పాడూ లేకుండా పడి ఉంది. ఆ లోటును మా మున్సిపాలిటీ ముందటేడు నవంబరులో పూడ్చింది. ఇకపై పొయ్యి బూడిదను పెరట్లో చల్లాలన్నా, ఎరువు గుంటలో కలపాలన్నా, ముందు "ఆవరణలో అనధికార బూడిద లేదు" అని తనిఖీలో తేలాలి. (బూడిద లేనివారికే బూడిద వాడే అర్హత. ఇందులో అర్థం కానిదేమీ లేదు.)

మా పొరుగింటి నెదెల్కా అవ్వకు మాత్రం అర్థం కాలేదు. బూడిద చల్లకపోతే ఆమె క్యాబేజీ నారును చిన్న నల్ల పురుగులు జల్లెడ చేసేస్తాయి. పోయిన వసంతంలో దరఖాస్తు పెట్టి ఆమె కూర్చుంది, పురుగులు కూర్చోలేదు. యాభై ఏళ్లలో మొదటిసారి క్యాబేజీ ఊరవేసే పీపా ఖాళీగా మిగిలింది. పండక్కి క్యాబేజీ ఆకుచుట్టలు చేయడానికి అంగడిలో ఊరవేసిన క్యాబేజీ సీసా కొనుక్కొచ్చింది, అదీ సంచిలో దాచుకుని. ఆ అవమానం ఆమె ఇంకా మరిచిపోలేదు.

చివరికి ఫిబ్రవరిలో తనిఖీ అధికారి జేలెవ్ ఫోను చేశాడు.

"అవ్వా, రేపు పదింటికి వస్తున్నా. మెట్ల మీద బూడిద చల్లావంట కదా?" (నేను చెప్పలేదు.)

"మంచు గడ్డకట్టింది నాయనా. ఎవరైనా జారిపడతారని చల్లా."

"జారకుండా చల్లేది వేరే విభాగం అవ్వా. దానికి వేరే దరఖాస్తు. ఊడ్చెయ్."

అవ్వ మెట్లు అద్దంలా ఊడ్చింది. నాలుగు బకెట్ల బూడిదను మా కట్టెల కొట్టంలో దాచాం. (ఈ వాక్యం మున్సిపాలిటీవారు చదవనక్కర్లేదు.)

జేలెవ్ సరిగ్గా పదింటికి వచ్చాడు. మూడో మెట్టు దాకా నడిచి వచ్చాడు. అక్కడి నుంచి కింద దాకా పడుతూ వెళ్లాడు.

"అయ్యో నా తండ్రీ! నడుం విరిగిందా?"

"ముట్టుకోకు అవ్వా... నా కలం ఎక్కడ పడిందో చూడు."

వెల్లకిలా పడుకునే నాలుగు దిక్కులూ చూసి, "బూడిద ఆనవాలు లేదు" అని రాసి, సంతకం చేసి, ఆ తరువాతే మూలిగాడు. అవ్వ అతనికి తన చేత్తో ఇంట్లో కాచిన పళ్ల సారా, రాకియా, తాగించింది. మనిషి మంచివాడే.

మార్చిలో, సరిగ్గా నారు పోసే వారంలో, మూడు ముద్రలతో పత్రం వచ్చింది. అవ్వ కళ్లజోడు పెట్టుకుని మరీ నాచేత చదివించింది.

"పెరటిలోను, ఎరువు గుంటలోను బూడిద వాడుటకు ఇందుమూలంగా అనుమతించడమైనది. తనిఖీలో కనుగొన్న బూడిద: లేదు. వాడదగిన పరిమాణం: పైన కనుగొన్నంత."