మూడు మొక్కల విజయగాథ

వేడీ కరువూ కలిసి జీవకోటికి ఎంతో మేలు చేస్తాయని పరిశోధనా కేంద్రం సంచాలకులు సోమవారం ఉదయం పదకొండు గంటలకు అధికారికంగా ప్రకటించారు. ప్రకటన చేసిన గదిలో ఏసీ చక్కగా పనిచేస్తోంది.

ఈ శుభవార్తకు మూలం రెండో అంతస్తులోని శాస్త్రవేత్త. కేంద్రంలో అందరూ ఆమెను మొక్కలమ్మ అంటారు. ఆమె నాలుగు వందల టమాటా మొక్కల్ని పదిరోజులు నీళ్లివ్వకుండా వేడిగదిలో ఉంచింది. మూడు వందల తొంభై ఏడు ఎండి వరుగులయ్యాయి. మూడు బతికాయి. వాటిలో ఒకదాని కణాల్లోకి తొంగిచూస్తే ముచ్చటైన సంగతి బయటపడింది. మొక్క డీఎన్‌ఏలో చోటు మారగల ముక్కలు కొన్ని ఉంటాయి. మామూలు రోజుల్లో కణం వాటికి తాళం వేసి ఉంచుతుంది. కష్టకాలంలో తాళం వదులవుతుంది. అలా గెంతిన ముక్క ఒకటి నీటిని పొదుపుచేసే జన్యువు పక్కన చేరి, గుర్రుపెడుతున్న దాన్ని తట్టి లేపింది.

ఇలాంటి గెంతులు చాలాసార్లు కొంపముంచుతాయనీ, ఏ వెయ్యింటికో ఒకటి కలిసొస్తుందనీ ఆమె సంచాలకులవారికి విన్నవించింది. వారు చివరి రెండు మాటలు శ్రద్ధగా విన్నారు.

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వెలువడింది. సిబ్బందిలో నిద్రాణమైన శక్తులను మేల్కొల్పు నిమిత్తం ఫ్యాన్లు తొలగించడమైనది. తాగునీరు నాలుగో అంతస్తులో మాత్రమే లభించును. కూర్చునే అలవాటు ఉన్నవారు కారణం రాతపూర్వకంగా తెలుపవలెను. లిఫ్టుకు విశ్రాంతి ఇచ్చారు. మెట్ల మీద ఒక గుమాస్తా స్పృహతప్పితే, మార్పు మొదలైందని రిజిస్టరులో నమోదు చేసుకున్నారు.

వారం తిరక్కుండానే ఫలితాలు కనిపించాయి. టైపిస్టు బ్యాంకులోకి గెంతింది. డ్రైవరు తన బావమరిది లారీల వ్యాపారంలోకి గెంతాడు. లైబ్రేరియన్ ఎక్కడికి గెంతాడో ఇప్పటికీ తెలియదు. సంచాలకులు వీటన్నిటినీ ‘సిబ్బందిలో చలనశీలత’ అనే శీర్షిక కింద పైవారికి పంపి, ప్రశంసాపత్రం తెప్పించుకున్నారు.

ఇంతవరకూ పళ్లబిగువున ఓర్చుకున్న మొక్కలమ్మకు, తోటమాలి తాళంచెవులు తెచ్చి బల్ల మీద పెట్టేసరికి గుండె జారింది. వేడిగది నుంచి కొనఊపిరితో వచ్చిన ఆ మూడు మొక్కల్నీ, పసిపిల్లలకు పట్టినట్టు చెంచాతో నీళ్లు పట్టి నిలబెట్టింది ఆయనే.

“మీరూ వెళ్లిపోతే ఎలా బాబాయ్?” అంది.

“మొక్కకి కాళ్లు లేవమ్మా. పారిపోలేదు గనక లోపలే ఏదో గెంతింది. నాకు కాళ్లున్నాయి కదా,” అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

పక్కవీధి నర్సరీలో నీడ ఉందట. పోతూ పోతూ ఏ మొక్కకు ఎన్ని చెంచాలో చీటీ రాసిచ్చాడు. ఆ వంకర అక్షరాలు చూస్తుంటే ఆమెకు ఎక్కడలేని తెగింపూ వచ్చింది.

శనివారం మొక్కలమ్మకు జరిగిన సన్మానసభలో సంచాలకులు, ఒత్తిడే ఎరువు, ఉక్కపోతే వరం అని ముప్పావుగంట ప్రసంగించి, మధ్యలో రెండుసార్లు చల్లని నీళ్లు తాగారు. తరువాత ఆమె లేచింది. రాసుకొచ్చిన కాగితం మడిచేసి, చచ్చిన మొక్కల ఫొటో తెర మీద వేసింది.

“ఒత్తిడి వీటిని బాగుచేయలేదండీ, చంపేసింది. మూడు బతికాయంటే చాలావరకు అదృష్టం, మిగతాది మా తోటమాలి చెంచా.”

సభలో చాలామంది తలలూపారు. ఎట్టకేలకు అర్థమైందని ఆమె మనసు దూదిపింజయింది.

గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి ఆమెను ఆపి, రెండు చేతులూ జోడించాడు. ఊళ్లో పేరుమోసిన బడికి యజమాని. కళ్లు చెమర్చి ఉన్నాయి.

“ఇన్నాళ్ల నా సందేహం తీర్చారమ్మా. మా బడిలో పిల్లలు బోలెడుమంది. ముగ్గురు నిలబడితే చాలు. గేటు మీది ర్యాంకుల బోర్డులో పట్టేవి మూడు ఫొటోలే.”

సోమవారం నుంచి ఆ బడిలో ఆటల గంట రద్దయింది. ఆ కబురు తెలిసి, దరఖాస్తుల కోసం నిలబడ్డ తల్లిదండ్రుల వరుస వీధి మలుపు దాటిపోయింది. ఎండ మండిపోతోంది గనక అందరూ గొడుగులు తెచ్చుకున్నారు. వాటి కింద ఉన్నవాళ్లు, టైపిస్టూ డ్రైవరూ మొదలుకొని, చాలామంది మనకు తెలిసినవాళ్లే.