తమక్ తగ్గింపు

సరిబెల్ జిల్లా అభివృద్ధి దృష్ట్యా తమ రెండో గడ్డాన్ని త్యాగం చేయాలని జిల్లాని ఏలే అధికారి, అకిమ్ మిర్జగలీ గారు నిర్ణయించారు. ఈ సంగతి సాంస్కృతిక భవనంలో, జెండా పక్కన నిలబడి, ఆయనే స్వయంగా ప్రకటించారు. గడ్డమంటే వెంట్రుకలు కాదు. గవద కింద ఇంకో గవదలా వేలాడే కండ. జిల్లాలో అంత కండ మరొకరికి లేదు. ముందు వరసలో కూర్చున్న పశువైద్యుడు కళ్ళు తుడుచుకున్నాడు.

నేను అకిమ్ ఆఫీసులో కాపలావాణ్ణి. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను. అన్నీ వినపడతాయి.

త్యాగానికి కారణం కొత్త గవర్నరు. ఆయన చువ్వలా ఉంటాడు. వచ్చిన రోజే టీవీలో, "ప్రభుత్వం సన్నబడాలి. కొవ్వు పట్టిన కుర్చీలు ఖాళీ చేయిస్తాను" అన్నాడు. వారం తిరక్కుండా పక్క జిల్లా అకిమ్ కుర్చీ ఖాళీ అయింది. పాపం, అతనికి ఉన్నది ఒకటిన్నర గడ్డమే. నౌరూజ్ పండక్కి గవర్నరు మా జిల్లాకి వస్తున్నాడు. మిర్జగలీ గారికి ఆ కుర్చీ తప్ప కూర్చోవడానికి లోకంలో ఇంకో చోటు లేదు. ఆయన ఇంట్లో సోఫా కూడా ఆఫీసుదే.

ఏ ఆపరేషన్ తగినదో తేల్చడానికి కమిటీ వేశారు. నగరం నుంచి డాక్టర్ మేరుయెర్త్‌ని పిలిపించారు. చిన్న వయసు, పెడసరం మాట. పంటల మ్యాపు పక్కన మెడ బొమ్మ ఒకటి తగిలించి మొదలుపెట్టింది.

"సూదిమందుతో కొవ్వు కరిగించొచ్చు. నెలల తరబడి, మెల్లగా కరుగుతుంది."

"మెల్లగానా?" వ్యవసాయశాఖ ఆయన మొహం వెలిగిపోయింది. "మా శాఖ పూర్తి మద్దతు."

"పండగలోపు కరుగుతుందా?" అన్నారు మిర్జగలీ గారు.

"పై ఏడు పండక్కి."

సూదిమందు కొట్టేశారు.

"చర్మం కింద దారం వేసి పైకి లాగొచ్చు. కానీ ఇంత బరువుకి దారం ఆగదు."

"ఇనుప తాడు వేద్దాం మిర్జెకే!" అన్నాడు రోడ్ల శాఖ ఆయన. మా వైపు గౌరవం ఇస్తే పేరు అలా మారుతుంది. "వంతెన కోసం తెప్పించింది ఊరికే పడి ఉంది."

గణాంకాల శాఖ ఆయన గొంతు సవరించుకున్నాడు. "కిందదాన్ని అసలు ముట్టుకోకుండా పని కానివ్వలేమా?"

"ఎందుకు కాదు? పై గడ్డంలో ఒక ముక్క పెట్టి ముందుకు పెంచుతాం. కిందది చిన్నదిగా కనిపిస్తుంది."

ఆయన ఆనందంతో లేచి నిలబడ్డాడు. "పాల దిగుబడికి మేం ఏటా చేసేది ఇదే కదండీ!"

అందరూ చప్పట్లు కొట్టారు.

"పక్కనించి చూస్తే ఒంటెలా ఉంటారు" అంది డాక్టరు. చప్పట్లు ఆగిపోయాయి.

చివరికి ఆవిడే తేల్చింది. "గొట్టం పెట్టి కొవ్వు పీల్చేస్తాం. వదులైన చర్మం కోసి బిగించి కుడతాం. మీకు తగినది ఇదే. కాకపోతే కొన్ని వారాలు వాపు ఉంటుంది. ఇప్పటికంటే లావుగా కనిపిస్తారు."

"పండగలోపు తగ్గాలని ఆ వాపుకి నా ఉత్తర్వు చూపించండి."

"వాపుకి చదువు రాదు మిర్జెకే."

దాన్ని అందరూ సరసం కింద తీసుకున్నారు.

ప్రజాభిప్రాయం కూడా తీసుకున్నారు. ఉల్బోసిన్ అవ్వ కర్ర ఊపుతూ లేచింది. "ఒరేయ్ మిర్జగలీ, మీ తాతకీ ఇదే సంచీరా! కరువులో కూడా తగ్గలేదు. ఆ సంచీ చూసే మీ నాయనమ్మని ఆయనకి కట్టబెట్టారు. దాన్ని కోయించుకుంటావా? సిగ్గు లేదూ?"

పెద్దలు ఆశీర్వదించారని రాసుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రెండో గడ్డానికి మా భాషలో వేరే పేరుంది గానీ, ఆఫీసులో ఆ పేరు పలకడం నిషేధించారు. మర్యాదగా తమక్ అనాలి. తమక్ అంటే గొంతు. తమక్ అంటే తిండి కూడా. దిగే దానికీ, దిగే దారికీ మాకు ఒకటే మాట.

నగరానికి బయలుదేరుతూ మిర్జగలీ గారు కారు అద్దం దించి తన డిప్యూటీ సార్సెన్‌ని పిలిచారు. సార్సెన్ కొరడాలా ఉంటాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. అదే అతని చదువు.

"గవర్నరు వచ్చేలోగా తమక్ సగానికి తగ్గిపోవాలి. అడ్డం వచ్చినవాడి ఉద్యోగం ఉండదు. అందరికీ చెప్పు."

సార్సెన్ అందరికీ చెప్పాడు. సాయంత్రానికల్లా ప్రతి బడికీ, హాస్టలుకీ, ఆస్పత్రికీ ఉత్తర్వు వెళ్ళింది.

మా ఆవిడ బాతిమా బడిలో వంట చేస్తుంది. ఇంటికొస్తూనే గరిటె బల్ల మీద పడేసింది.

"ఏమయ్యా, మీ దొరకి మతి పోయిందా? పిల్లల తమక్ సగానికి కొయ్యమన్నారు. మాంసం సగం, రొట్టె సగం. చారులో నీళ్ళు మాత్రం నిండుగా ఉన్నాయి."

"ఉత్తర్వు" అన్నాను.

"అయితే ఆ ఉత్తర్వే ఉడకేసి పెడతాను."

మర్నాడు తనే ఆఫీసుకొచ్చి సార్సెన్‌ని నిలదీసింది. "ఏమోయ్, ఇది గొంతు తమకా, తిండి తమకా?"

"ఉత్తర్వులో తమక్ అనే ఉంది వదినా."

"ఆయన్నే అడుగు."

"గవదకి కట్టు కట్టారు. మాట్లాడకూడదట."

"రాసి చూపించమను."

"ఆయన ఎప్పుడు రాశారు వదినా? సంతకం పెడతారంతే."

జిల్లా సన్నబడింది. పోలీసులు బెల్టులకి కొత్త బెజ్జాలు వేయించుకున్నారు. ఆస్పత్రిలో రోగులు ఆకలికి తాళలేక ఇళ్ళకి పోతే, మంచాలు ఖాళీ అయ్యాయని వైద్యశాఖ సంబరం చేసుకుంది. ఉల్బోసిన్ అవ్వ మనవడు బడి నుంచి వస్తూ దారిలో గుర్రానికి పెట్టిన దాణా తిన్నాడు. గుర్రం ఫిర్యాదు చేయలేదు. అది కూడా జిల్లాదే.

పండగ ముందు రోజు మిర్జగలీ గారు దిగారు. మెడకి శాలువా. శాలువాకి పైన కళ్ళు, కళ్ళలో నీళ్ళు. డాక్టరు చెప్పినట్టే అయింది. రెండు గడ్డాలు పోయి మూడు కనిపిస్తున్నాయి. మూడోది కాస్త నీలంగా ఉంది.

గవర్నరు వచ్చాడు. బ్యాండువాళ్ళు బాకాలెత్తారు గానీ ఊదే శక్తి లేక మధ్యలో కూర్చున్నారు. గవర్నరు నేరుగా మిర్జగలీ గారి దగ్గరికి వెళ్ళి, "ఎండలో శాలువా ఏమిటి? తీయండి" అన్నాడు.

తీశారు.

ఎవరూ కదల్లేదు. సార్సెన్ కుర్చీ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

గవర్నరు చూపు అక్కణ్ణించి జనం మీదికి పోయింది. బుగ్గలు లోపలికి పోయిన పిల్లలు. జారిపోతున్న ప్యాంట్లు పట్టుకుని మాస్టర్లు.

"వీళ్ళంతా ఏమిటిలా ఉన్నారు?"

సార్సెన్ ముందుకొచ్చాడు. "తమక్ సగానికి తగ్గించామండి. అకిమ్ గారి ఉత్తర్వు."

గవర్నరు మొహంలో మొదటిసారి నవ్వు చూశాం. "తక్కినవాళ్ళంతా లెక్కల్లో తగ్గించారు. మీరు తమక్కే తగ్గించారన్నమాట! మరి మిగిలిందంతా ఏమైంది?"

అందరం మిర్జగలీ గారి గొంతు వైపు చూశాం. ఎవరూ చూడమని చెప్పలేదు. కళ్ళు వాటంతట అవే అటు పోయాయి. మాట్లాడే వీల్లేక ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగారు. మూడో గడ్డం పతకానికి తగిలింది.

"అర్థమైంది" అన్నాడు గవర్నరు తృప్తిగా. "పొదుపంతా ఒక్కచోట భద్రంగా ఉంది. నాకు కావలసింది ఇలాంటి మనిషే."

"అయ్యా, పిల్లలకి ఆకలి..." అని వెనక నుంచి బాతిమా కేక పెట్టింది. సార్సెన్ చెయ్యి ఊపాడు. బాకాలకి ఊపిరి లేదు గానీ, డప్పుకి చేతులు చాలు.

మిర్జగలీ గారిని ఏడు జిల్లాల ఆహార నిల్వలకి పెద్దని చేశారు. అక్కడ వాపు తీసిందట. ఇప్పుడు హంస మెడలా ఉందని చెప్పుకుంటున్నారు.

అకిమ్ కుర్చీ సార్సెన్ గారికి వచ్చింది. కూర్చుంటే అందులో కనిపించలేదు. వెంటనే డాక్టర్ మేరుయెర్త్‌కి కబురు వెళ్ళింది.

"గవర్నరు గారికి నచ్చిన గడ్డం ఒకటి నాకూ కావాలి" అన్నారు సార్సెన్ గారు.

"దానికి ఆపరేషన్ లేదు. తినాలి. పొద్దూ మాపూ, నలుగురి తిండి."

సార్సెన్ గారు తల ఊపారు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మర్నాటి నుంచి బడి గుండిగ మూత తీయకుండానే ఆఫీసుకి రావడం మొదలైంది. బాతిమా వడ్డించేది. మాట్లాడేది కాదు. మా ఇంట్లో నోరు మూసుకోవడం నా పని. ఇప్పుడు ఇద్దరం చేస్తున్నాం.

కొన్నాళ్ళకి డాక్టరు టేపు పట్టుకుని వచ్చి ఆయన గవద కింద కొలిచింది.

"ఇంకా రాలేదు" అంది.

సార్సెన్ గారు గుండిగలోకి తొంగి చూశారు. అడుగు కనిపిస్తోంది. మూతి తుడుచుకుని, నా వైపు తిరిగి అడిగారు.

"పెద్దయ్యా, పక్క ఊళ్ళో కూడా బడి ఉంది కదూ?"