ఎడమకి పది టిక్కులు

పదకొండింటికల్లా అత్తగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురావాలి. ఆమె నడుముకి ఆపరేషనై వారమే అయింది. అల్లుడేమో పోయిన నెలే ముచ్చటపడి కారుకి కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించాడు. అప్పటినుంచీ అది చీమ మీదుగా వెళ్ళినా ఎగిరిపడుతోంది.

"అమ్మ ఒక్కసారి 'అబ్బా' అందంటే, రేపే కారు అమ్మేస్తున్నాం!" అని భార్య తేల్చేసింది.

అతనికి కారంటే ప్రాణం. పొద్దున్నే నేలమీద పడుకుని, ఒక్కో చక్రం వెనకున్న చిన్న మరను ఎడమకి పది టిక్కులు తిప్పాడు. ఎడమకి తిప్పితే అబ్జార్బరు మెత్తన, కుడికి తిప్పితే గట్టి. పని ముగించి స్నానానికి వెళ్ళాడు.

ఆ ఇంట్లో ఒక మర్యాద ఉంది. ఎవరి తప్పూ మొహం మీద చెప్పరు, వాళ్ళు అటు వెళ్ళగానే గుట్టుగా సరిదిద్దేస్తారు. నీళ్ళ పంపులు బిగించి బిగించి రిటైరైన మామగారు మరలు ముట్టుకుని చూసి, పాపం అన్నీ వదులుగా వదిలేశాడని జాలిపడ్డారు. కుడికి బిగించారు. వెనక ఎడమ చక్రం మాత్రం గోడ పక్కనుంది, ఆ సందులో ఆయన పొట్ట పట్టలేదు.

కిటికీలోంచి ఇదంతా చూసిన ఆయన కూతురు, తండ్రి లోపలికి రాగానే వెళ్ళి ఆ మూడింటినీ మళ్ళీ ఎడమకి తిప్పింది. మరిచిపోయిన కళ్ళజోడు కోసం వచ్చిన మామగారు, మరలు వాటంతటవే వదులవడం చూసి బెంబేలెత్తిపోయారు. ఈసారి పళ్ళు బిగబట్టి మరీ బిగించారు.

తల తుడుచుకుంటూ వచ్చిన అల్లుడు బానెట్ నొక్కి చూశాడు. బండరాయి!

"ఏమోయ్, ఎడమంటే మెత్తనా, గట్టిదనమా?"

"మెత్తనని మీరేగా చెప్పారు!"

"మరి ఇలా ఉందేంటి? పొద్దున పడుకుని తిప్పాను కదా... పడుకుంటే ఎడమ కుడవుతుందా?"

తండ్రి పేరు ఎత్తలేక ఆవిడ కారు అద్దం తుడవసాగింది. "కంగారేం లేదు బాబూ, అంతా భద్రంగా ఉంది," అని మామగారు అభయమిచ్చారు. బుర్ర పూర్తిగా తిరిగిపోయిన అల్లుడు, పోనీ కుడే మెత్తనేమోనని మూడింటినీ చివరిదాకా కుడికి తిప్పేశాడు. గోడ పక్కనున్న నాలుగోదానికి టైము చాలలేదు.

అత్తగారిని వెనక ఎడమవైపు కూర్చోబెట్టారు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే అల్లుడు కెవ్వుమన్నాడు. కూతురి తల పైకప్పుకి కొట్టుకుంది. మామగారి పళ్ళసెట్టు ఒళ్ళో పడింది. భయంభయంగా వెనక్కి తిరిగి చూస్తే, అత్తగారు గురక పెడుతున్నారు.

ఇంటి ముందు లేపితేగానీ లేవలేదు. "ఎంత హాయిగా ఉందో అల్లుడుగారూ! ఈ కారు అమ్మితే నా మీద ఒట్టే. ఇందులో మర ఒక్కటి కూడా ముట్టుకోకండి. అవునూ, మీ ముగ్గురూ ఏంటలా వంకర్లు తిరిగిపోయారు?"

"అబ్బే, ఏం లేదు," అన్నారు ముగ్గురూ, మర్యాదగా.

ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆమెను అదే కారులో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళి, పనిలోపనిగా వాళ్ళూ చేయించుకొస్తున్నారు.