ఎగిరే అమ్మాయికి విధివిధానాలు

మానవ నాగరికత ఎంత ముందుకు పోయినా, గాజువాకలో ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. ఇది ప్రకృతి ధర్మం. పొద్దున్న ఉతికి మేడమీద వేస్తారు, సాయంత్రం మసి దులుపుతారు, రాత్రి మళ్ళీ నానబెడతారు. ఆ మసి ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగితే ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసును చూపిస్తుంది. (చివరి ఆఫీసు సముద్రాన్ని చూపిస్తుంది.)

ఈ బాధ పడలేకే సాగరదీప కాలనీలో ఉండే గౌరీశ్వరి నాటకం రాసింది. ఆవిడ బళ్ళో సోషల్ టీచరు. కాలనీ వార్షికోత్సవంలో ఈసారి ఒక సూపర్ హీరో ఉండాలని, ఆ సూపర్ హీరో ఆడపిల్ల అయి ఉండాలని ఆవిడకు తోచింది. కథ చిన్నదే. ఊరిమీద మసిరాకాసి పడతాడు. ఒక అమ్మాయి ఆకాశంలోంచి ఎగిరొచ్చి వాణ్ణి ఉతికి ఆరేస్తుంది. శుభం.

వేషానికి పై వాటాలో ఉండే రోజారమణి దొరికింది. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం. నిండు గ్యాస్ సిలిండరు భుజాన వేసుకుని, ఫోన్లో మాట్లాడుకుంటూ మూడంతస్తులు ఎక్కే మనిషి.

"నిజింగా ఎగిరిస్తావేటక్కా?"

"ఎగిరిస్తానే. కప్పీ, తాడూ కడతారు. వీధి వీధంతా తలెత్తి నిన్ను సూడాల."

"ఓలమ్మా! అయితే నాను సెలవెట్టీసుకుంటాను."

ఆ ఫ్యాక్టరీలో సెలవు దొరకడం కంటే గాల్లో ఎగరడం తేలిక. అయినా రోజా పెట్టేసింది. ఇంటికెళ్ళి మంచమెక్కి దూకడం సాధన కూడా మొదలెట్టింది.

నాటకం ప్రతి కాలనీ సంఘానికి చేరింది. సంఘం ఆ పూటే 'మహిళా మహాశక్తి పాత్రల పరిశీలక ఉపసంఘం' వేసింది. సభ్యులందరూ మగవాళ్ళే. (మహిళలకు సముచిత స్థానం ఉండాలని గౌరీశ్వరిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. టీ ఆవిడే తెచ్చింది.) అధ్యక్షుడు గురునాథరావు గారిది గోదావరి జిల్లా. పోర్టులో చేసి రిటైరయ్యారు.

"మాకేం అభ్యంతరం లేదమ్మా, ఆయ్! ఆడపిల్లలు ఎగరాలి, ఎగిరి తీరాలి. కాకపోతే కూసింత పద్ధతిగా ఎగరాలి, అంతే," అన్నారు.

పద్ధతి ఖరారైంది. దీపాలు పెట్టే వేళ దాటాక అమ్మాయి ఒంటరిగా ఎగరరాదు. తప్పనిసరైతే అన్నో తమ్ముడో తోడు ఎగరాలి. పెద్దల ఎదట బస్సు ఎత్తరాదు. ఎత్తవలసి వస్తే ముందుగా "ఏమీ అనుకోకండి" అనాలి. వీపున ఎగిరే ఎర్రగుడ్డ ముందుకు తిరగాలి, రెండు భుజాల మీదా పిన్నీసులు పడాలి. (ఆ గుడ్డ కుట్టమని ఇస్తే, టైలరు గంగరాజు అలవాటు కొద్దీ దానికి ఫాలు వేసి పీకో కూడా కొట్టి పంపాడు.)

తర్వాత అసలు చిక్కు వచ్చింది. ఈ అమ్మాయికి పెళ్ళయిందా? అయి ఉంటే, ఆమె రాకాసులతో తలపడుతుంటే మొగుడేం చేస్తున్నట్టు? కాకపోయి ఉంటే, ఇన్ని శక్తులుండి ఎందుకు కాలేదు? రెండు సిటింగులు చర్చించారు. చివరకు ఆ శక్తులు ఆమెవి కావని, తండ్రివని, పెళ్ళయ్యేదాకా ఆమె దగ్గర భద్రంగా ఉంచారని తీర్మానించారు. గౌరీశ్వరి ఖాళీ కప్పులు తీస్తూ విన్నది.

ఆ మీదట మసిరాకాసి వేషం వేసే మోహనకృష్ణ లేచాడు.

"మా బామ్మర్దులు ఎలమంచిలి నుంచి వస్తన్నారండి. ఆళ్ళ ముందర ఆడపిల్ల సేతిలో తన్నులు తింటే, నాను మరా ఇంటికి అల్లుడినై ఎల్లగలనా?"

"మరెవరు కొడితే తింటావు బావా?" అన్నాడు సంఘం కార్యదర్శి తాతబాబు.

"మగోడు కొడితే తింటాను. అదొక మర్యాద."

సంఘం శ్రేయస్సు కోసం ఆ మగాడి వేషానికి తాతబాబు ముందుకొచ్చాడు. (అప్పటికే టైలరుకి కొలతలిచ్చి ఉన్నాడు.) ఎగరడం ఆయనకు పోయింది. కొట్టడం ఆయనకు పోయింది. అమ్మాయికి ఆయన నుదుట బొట్టు పెట్టి "జాగ్రత్త" అనే సీను మిగిలింది. మనిషి ఎర్రగా ఉంటుందని ఆ సీను కూడా అధ్యక్షుల వారి కోడలికిచ్చారు.

ఇంతలో రిహార్సల్‌లో తాతబాబు లేవలేదు. కాలనీ కుర్రాళ్ళంతా తాడు పట్టి లాగినా ఆ బరువుకి కాళ్ళు నేల విడవలేదు. అప్పుడు ఉపసంఘానికి రోజా శక్తిసామర్థ్యాలు గుర్తొచ్చాయి. ఏకగ్రీవంగా తాడు ఆమెకిచ్చారు. తెర వెనక.

ఈ కబురు గౌరీశ్వరే వెళ్ళి రోజాకి చెప్పింది.

"పోనీ, రాకాసిని తిట్టీ డైలాగైనా ఉందా అక్కా?"

"తీసీసినారే."

రోజా తాడు అందుకుంది. "సర్లే. సెలవెట్టీసినాను కదా, ఏదోటి లాగుతాను."

వార్షికోత్సవం రోజు జనం కిటకిటలాడారు. బొట్టు పెట్టించుకుని తాతబాబు లేచాడు. బ్రహ్మాండంగా లేచాడు. రాకాసి నెత్తిన సరిగ్గా దిగాలి. దిగలేదు.

"రోజా, దించమ్మా! నడుం కోసుకుపోతంది!" అని పళ్ళబిగువున అన్నాడు.

"ఉండు బావా. నాదొక డైలాగుంది, సెప్పీసి దించుతాను," అంది తెర వెనక నుంచి రోజా.

పక్కనే నిలబడ్డ గౌరీశ్వరికి ఆపవలసిన బాధ్యత ఉంది. ఆ బాధ్యతను ఆవిడ ఆ పూట ఎక్కడో పెట్టి మరిచిపోయింది.

"ఒరే మసిరాకాసీ!" మైకు లేకుండానే మైదానం అదిరింది. "ఉతికినోళ్ళకి తెలుస్తాదిరా నీ సంగతి! నా సేతికి సిక్కినావు. నిన్ను నానబెట్టి, బండకేసి బాది, పిండి ఆరేసీడమే!"

మోహనకృష్ణ దెబ్బ పడకముందే పడిపోయాడు. వెనక వరసల్లో ఆడవాళ్ళు కుర్చీలెక్కి ఈలలు వేశారు. అప్పుడు రోజా తాతబాబును నింపాదిగా దించింది.

గురునాథరావు గారు కళ్ళు తుడుచుకుంటూ శాలువా తెచ్చారు. "గాల్లో వేలాడుతూ, పెదవి కదపకుండా, అచ్చం ఆడగొంతుతో! ఇటువంటి నటుడు మన కాలనీలో ఉండడం మన అదృష్టమండి, ఆయ్!" అని తాతబాబుకు కప్పారు. తాతబాబు ఆ పొగడ్తను వినయానికైనా ఖండించలేదు.

మర్నాడు ఉపసంఘం తన పొరపాటు ఒప్పుకుంది. ఆడ సూపర్ హీరో లేకపోవడం నాటకానికి వెలితే. వచ్చే ఏడు ఆమెకే పూర్తి నాటకం. ఎగరడం, కొట్టడం, బస్సెత్తడం అన్నీ ఆమెవే, ఏ నిబంధనా ఉండదు. వేషం తాతబాబు వేస్తాడు.

"తాడు మాత్రం నాకే ఇమ్మనక్కా," అంది రోజా.

ప్రస్తుతం గౌరీశ్వరికి వచ్చిన కష్టం వేరు. తాతబాబుకు చీర ఆవిడే ఇవ్వాలట. ఎగిరేటప్పుడు కుచ్చిళ్ళు జారకుండా ఎలా కట్టాలో కూడా ఆవిడే చెప్పాలట. ఆవిడకు తెలియదు. అమ్మల్లారా, అయ్యల్లారా, తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త సలహా చెప్పి పుణ్యం కట్టుకోండి. ఆడమనిషిని ఎగరనిచ్చి చూసినవాళ్ళు మా కాలనీలో ఇంతవరకూ ఎవరూ లేరు.