నిమిషానికి ఎన్ని ఉల్లిగడ్డలు

మా ఇంట్లో వంట చేసేది మా ఆయన. ఈ సంగతి మూడో మనిషికి తెలియకుండా ఏడు నెలలు నడిపించాం.

పెళ్లిచూపుల్లో మా అమ్మ, "మా అమల పొయ్యి ముట్టిస్తే నాలుగిండ్ల అవతలికి వాసన వస్తది" అని చెప్పింది. అబద్ధమేమీ కాదు. మాడిన వాసన ఆరిండ్ల దాకా వెళ్తుంది.

మా ఆయన పేరు పరశురాం. యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాడు. తెలంగాణ ఉద్యమం వేడెక్కినప్పుడల్లా హాస్టళ్లు మూసేవారు, మెస్సుకు తాళం పడేది. ఆ రోజుల్లో గదిలో కరెంటు పొయ్యి మీద వండుకుని వండుకుని ఆయనకు చెయ్యి తిరిగింది. పరిశోధన ఇంకా రెండో అధ్యాయం దాటలేదు గాని, పచ్చిపులుసులో ఆయన డాక్టరేటు ఎప్పుడో పూర్తయింది.

నేను లాలాపేటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు టీచర్ని. ఏడో తరగతికి చలనం, కాలం పాఠం చెప్తాను. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుందని రోజుకు నాలుగు సెక్షన్లలో గొంతు పోయేలా చెప్తాను. ఇంటికొచ్చి వంటింట్లో అడుగుపెట్టగానే నా వేగం సున్నా.

తార్నాకలో అమ్మాజీ గారి మేడ మీద రెండు గదుల్లో ఉంటాం. అంతా సాఫీగా సాగుతుండగా, రెండువేల పదకొండు జూన్ నెలలో, మోకాళ్లు చూపించుకోవడానికి మా అత్తమ్మ సాలమ్మ ఊరి నుంచి వస్తున్నానని కబురు చేసింది.

మా ఆయన ముఖం వాడిపోయింది.

"అమలా, నేను వండుతున్నట్టు మా అమ్మకు తెల్వద్దు."

"తెలిస్తే ఏమైతది?"

"నన్నేం అనదు. నిన్ను సుత ఏం అనదు. ఊర్ల బస్సు దిగినకాడ మొదలువెడ్తది. ఇల్లు చేరేసరికి ఊరంత ఎరుకైతది."

"అయితే ఈ పది రోజులు నేనే వండుత."

మా ఆయన రెండు చేతులూ జోడించాడు. "వద్దు. ఆమె మోకాళ్లు చూపించుకోనికి వస్తున్నది. కడుపు సుత చూపించేటట్టు చెయ్యకు."

ఊరి సంగతి ఆయన భయం. నా భయం వేరు. పెళ్లినాడు అప్పగింతలప్పుడు అత్తమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకుని, "పనిమంతురాలిని ఇచ్చినవు వదినా" అన్నది. నా బతుకులో నన్ను పనిమంతురాలు అన్న మొదటి మనిషి ఆమె. ఆ మాట వెనక్కి తీసుకుంటే నేను తట్టుకోలేను.

అందుకని నాకు తెలిసిన విద్యనే నమ్ముకున్నాను. బడి ఆటల గదిలోంచి స్టాప్‌వాచ్ తెచ్చాను.

అత్తమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిందికి దిగి అమ్మాజీ గారితో ముచ్చట పెట్టేది. మేడకు ఇరవై రెండు మెట్లు. మోకాళ్ల నొప్పి వల్ల దిగేటప్పుడు మెట్టుకు పది సెకన్లు, ఎక్కేటప్పుడు పదిహేను. అంటే కింది మెట్టు మీద కాలు పెట్టి "అవ్వో" అన్నప్పటి నుంచి మా గుమ్మం చేరడానికి అయిదున్నర నిమిషాలు. ఆ లోపల మా ఆయన గరిటె నా చేతికిచ్చి, చేతులు కడుక్కుని, ముందు గదిలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం తెరవాలి. రెండుసార్లు రిహార్సల్ చేయించాను. నాలుగు నిమిషాల్లో పూర్తి చేశాడు. మిగిలిన నిమిషన్నరలో నేను ముఖానికి చెమట పట్టించుకునేదాన్ని. కుళాయి నీళ్లతో.

"చూసినవా, సైన్సు అంటే ఇట్లుంటది" అన్నాను గర్వంగా.

"దొంగతనానికి టైంటేబుల్ వేసినట్టున్నది" అన్నాడు ఉల్లిగడ్డ తరుగుతూ.

ఒకరోజు ఆయన కళ్లజోడుకు కరివేపాకు అంటుకుని ఉండిపోయింది. అత్తమ్మ తేరిపార చూసింది. "క్యాంపసుల చెట్ల కింద కూసున్ననే" అన్నాడు. "ఎంత కష్టపడి చదువుతున్నవు కొడకా" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. అదీ కుళాయి నీళ్లే.

ఎనిమిది రోజులు పథకం గడియారంలా నడిచింది. కాకపోతే అవసరానికి మించి నడిచింది. అత్తమ్మ కూరలో ఉల్లి తునకను వేలి మీద పెట్టుకుని వెలుతురులో చూసేది. "మా కోడలు ఉల్లిగడ్డ కోస్తే వెంట్రుక లెక్క ఉంటది. తునకకు తునకకు తేడా ఉండదు" అని అమ్మాజీ గారికి చెప్పింది. పాలు పోసే ఆయనకు చెప్పింది. మోకాళ్లు చూస్తున్న డాక్టరుకు కూడా చెప్పింది.

అప్పుడు వచ్చింది వంటావార్పు పిలుపు.

ఆదివారం ఎక్కడివాళ్లు అక్కడ రోడ్డెక్కి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని, తెలంగాణ కావాలని చెప్పాలి. మా చౌరస్తా బాధ్యత కొమురెల్లిది. మా ఆయన దోస్తు. చేతిలో మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. శనివారం సాయంత్రం మేడెక్కి వచ్చాడు.

"ఇంటికొక్క మనిషి పనికి రావాలె అమ్మా!"

"మా కోడలు వస్తది బిడ్డా" అన్నది అత్తమ్మ. "ఉల్లిగడ్డ ఎన్ని బస్తలు?"

"రెండు."

"రెండూ ఈమెకే ఇయ్యి. ఇంకెవ్వలను ముట్టనియ్యకు, ఖరాబు చేస్తరు."

నేను మా ఆయన చొక్కా పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లాను.

"రెండు బస్తలంటే ఎన్ని ఉల్లిగడ్డలు?"

"ఒక వెయ్యి ఉంటయి."

"నాకు ఒకదానికి నాలుగు నిమిషాలు పడుతది. వెయ్యికి నాలుగు వేల నిమిషాలు. అరవై ఆరు గంటలు!"

"అంతల తెలంగాణ వచ్చేస్తది, కూర కాదు" అన్నాడు.

"నవ్వకు. ఏదన్న చెప్పు."

"చెయ్యి కాలిందని చెప్పు."

"చెయ్యి కాలితే అత్తమ్మ నా పక్కనే కూసుంటది. నువ్వు వంటింట్లకు ఎట్ల పోతవు?"

ఆయన తెలివి అక్కడికే అయిపోయింది. నా దగ్గర స్టాప్‌వాచ్ ఉంది. బయటకు వచ్చి కొమురెల్లిని అడిగాను. "అన్నా, పోలీసులు ఒంటిగంట వరకే ఆగుతమన్నరట కదా?"

"అవును మేడం."

"మరి ఏ పొయ్యి కాడ పని ఎంత వేగంగా అవుతున్నదో చూసే మనిషి లేకుంటే ఎట్ల? అన్నం ఉడకక ముందే లాఠీలు వస్తయి."

కొమురెల్లి కళ్లు పెద్దవి చేశాడు. "గింత ఆలోచన మాకు ఎవ్వలకు రాలే! మేడం, మీరే టైం ఇన్‌చార్జి!"

అత్తమ్మ కొంచెం నిరాశపడింది. కానీ కోడలికి పదవి వచ్చిందని సంతోషించి, ఉల్లిగడ్డల బాధ్యత తనే తీసుకుంది. నేను హాయిగా నిద్రపోయాను. పథకం వేసినవాళ్లు అంత హాయిగా నిద్రపోకూడదని తర్వాత తెలిసింది.

ఆదివారం చౌరస్తా పెళ్లిపందిరిలా ఉంది. ఒక పక్క స్టేజీ, పాటలు, ఉపన్యాసాలు. ఇంకో పక్క వరుసగా పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగలు. నేను రొమ్ముకు రిబ్బను పువ్వు పెట్టుకుని, మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని, వెనక చేతులు కట్టుకుని తిరిగాను. "మీ నీళ్లు మరగడానికి పదకొండు నిమిషాలు పట్టింది, ఇది ఎక్కువ" అని ఒకామెకు చెప్పాను. "పొయ్యికి చెప్పు" అన్నది ఆమె.

ఇంతలో అమ్మాజీ గారు సొంత కత్తిపీట చంకన పెట్టుకుని వచ్చింది. ఆమెది కాకినాడ. పాతికేళ్ల కిందట భర్త ఉద్యోగంతో ఇక్కడికి వచ్చింది.

"మీరొచ్చిండ్రేంది అమ్మాజమ్మా?" అన్నది అత్తమ్మ ఆశ్చర్యంగా.

"రాష్ట్రం సంగతి మగాళ్లు తేల్చుకుంటార్లెండి వదినా. డాబా మీంచి చూస్తున్నాను, ఆ ఉల్లిపాయలు తరిగే తీరుకి నా ప్రాణం విలవిల్లాడిపోయింది. జరగండి."

ఇద్దరూ బస్తాకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. పొట్టు తీసి ఇచ్చేవాళ్లు వేరే ఉన్నారు. ఇద్దరి చేతులూ చకచకా ఆడుతున్నాయి. నేను నోరు మూసుకుని పక్కనుంచి వెళ్లిపోతే ఈ కథ ఉండేది కాదు. కానీ చేతిలో స్టాప్‌వాచ్ ఉన్న మనిషికి నోరు ఆగదు. మూడు నిమిషాలు లెక్కపెట్టి ప్రకటించాను.

"అమ్మాజీ గారు పదిహేను. నిమిషానికి అయిదు. అత్తమ్మ పద్నాలుగు. నిమిషానికి అయిదుకు కొంచెం తక్కువ."

అత్తమ్మ కత్తి ఆగింది.

"ఆమె చిన్నయి చిన్నయి ఏరుకున్నది."

"చిన్నవా? ఇదుగో, కొబ్బరికాయంత ఉంది, ఇది చిన్నదా అండీ?"

"మల్ల పెట్టు గడియారం!" అన్నది అత్తమ్మ.

మళ్లీ పెట్టాను. అమ్మాజీ గారు పదహారు. అత్తమ్మ పదిహేను. మళ్లీ పెట్టాను. అమ్మాజీ గారు పదహారు, అత్తమ్మ పదిహేనున్నర. సగం ఉల్లిగడ్డను లెక్కలోకి తీసుకోవాలా అని జనం రెండుగా చీలారు. స్టేజీ ముందు కూర్చున్నవాళ్లు లేచి ఇటు రావడం మొదలుపెట్టారు. అక్కడ ఉపన్యాసం ఇస్తున్న పెద్దమనిషి ఖాళీ కుర్చీలకు పిడికిలి బిగించి చూపిస్తున్నాడు. కొమురెల్లి మైకు లాక్కుని పరుగున వచ్చాడు.

"అక్కలారా, అన్నలారా! ఉల్లిగడ్డల కాడ ఉద్రిక్త పరిస్థితి నెలకొన్నది!"

ఆ మాట విని ఇద్దరు కానిస్టేబుళ్లు లాఠీలు పట్టుకుని వచ్చారు. చూసి, లాఠీలు చంకలో పెట్టుకుని ముందు వరుసలో నిలబడ్డారు.

అత్తమ్మకు చెయ్యి గుంజింది. కత్తి కింద పెట్టి, మోకాలు పట్టుకుని, జనమంతా వినేలా అన్నది. "నేను ముసలిదాన్ని. మా ఇంట్ల అసలు మనిషి ఇంకా దిగలే. అమలా! ఆ గడియారం ఎవ్వలకన్న ఇచ్చి, ఇటు వచ్చి కూసో!"

జనం చప్పట్లు కొట్టారు. నా కాళ్లు రోడ్డుకు అతుక్కుపోయాయి. నిశ్చల స్థితి అంటే ఏమిటో పదేళ్లుగా చదువుతున్నాను, చెప్తున్నాను. అర్థమైంది మాత్రం ఆ క్షణాన.

మా ఆయన జనంలోంచి దూసుకొచ్చాడు. "అమ్మా, ఆమె టైం చూడాలె. నేను కూసుంట."

అత్తమ్మ పకపకా నవ్వింది. "నువ్వా? ఉల్లిగడ్డకు తోక ఎటున్నదో, తల ఎటున్నదో ఎరికేనా నీకు?"

ఆయన నా దిక్కు చూశాడు. నేను కళ్లతోనే చెప్పాను, మెల్లగా తరుగు, ఓడిపో, ఇంటికి పోదాం. ఆయన తల ఊపాడు. వాచ్ నొక్కాను.

మొదటి రెండూ ఒప్పందం ప్రకారం మెల్లగానే తరిగాడు. అప్పుడు అమ్మాజీ గారు నవ్వుతూ, "పోనీలే బాబూ, మీవాళ్లకు అలవాటు లేని పని" అన్నది. ఆమె అన్నది మగవాళ్ల గురించి. చౌరస్తా మొత్తానికి అది తెలంగాణ గురించి అన్నట్టు వినిపించింది. ఎవరో "జై తెలంగాణ" అని అరిచారు.

ఇక మా ఆయన చెయ్యి కనిపించలేదు. కత్తి చప్పుడు మాత్రం వినిపించింది, వాన మొదలైనట్టు. ఉల్లిగడ్డ పెట్టడమే కనిపిస్తోంది, కుప్ప పెరగడమే కనిపిస్తోంది. నేను భయపడాల్సింది పోయి సంబరపడిపోయాను. మూడు నిమిషాలయ్యేసరికి కొమురెల్లి చేతిలోంచి మైకు లాక్కుని అరిచాను.

"ఇరవై నాలుగు! నిమిషానికి ఎనిమిది!"

చౌరస్తా దద్దరిల్లింది. అక్కడితో ఆపానా? ఆపలేదు. ఎదురుగా అంతమంది కనిపిస్తే నాకు క్లాసులో ఉన్నట్టే ఉంది.

"గమనించండి! ఇంత వేగం ఒక్కరోజులో రాదు. ప్రతి తునకా ఒకే మందం. దీన్ని సమవేగం అంటారు. రోజూ రెండు పూటలా చేసేవాళ్లకు మాత్రమే ఇది సాధ్యం!"

చివరి మాట మైకులోంచి వెళ్లి ఎదుటి మేడలకు తగిలి తిరిగి నా చెవిలో పడింది. అప్పుడు నాకు అర్థమైంది. మా ఆయన తల దించుకుని ఇరవై అయిదో ఉల్లిగడ్డను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

అత్తమ్మ ముందుకు వంగింది. కుప్పలోంచి ఒక తునక తీసింది. వేలి మీద పెట్టుకుని వెలుతురులో చూసింది.

"గీ తునక నేను ఎనిమిది రోజుల సంది తింటున్న" అన్నది.

జనం మెడలు చాచి నా దిక్కు చూశారు. కానిస్టేబుళ్లు కూడా.

"అత్తమ్మా..." అన్నాను. మైకు ఇంకా నా నోటి దగ్గరే ఉంది. తార్నాక అంతా "అత్తమ్మా" అని మోగింది.

"మైకు కొమురెల్లికియ్యి. గడియారం నా కొడుక్కియ్యి. నువ్వు కూసో."

కూర్చున్నాను. కత్తి పట్టుకున్నాను. ఒక్క ఉల్లిగడ్డ. చౌరస్తా మొత్తం సెకన్లు లెక్కపెట్టింది. అరవై దాకా ఉత్సాహంగా, నూట ఇరవై దాకా జాలిగా. ఆ తర్వాత చాలామంది అన్నం తినడానికి వెళ్లిపోయారు. నా కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. ఈసారి కుళాయివి కావు.

"ఊరుకో అమ్మాయ్, ఇంత చిన్నదానికి ఏడుస్తారా?" అన్నది అమ్మాజీ గారు.

"ఏడుపు కాదండీ, ఉల్లిగడ్డ" అన్నాను. రెండూ ఉన్నాయి.

మా ఆయన వాచ్ చూసి గొణిగాడు. "నాలుగు నిమిషాల పది సెకన్లు."

అత్తమ్మ నా తునకల్లో ఒకటి ఎత్తి చూసింది. ఒక వైపు గోరంత, ఇంకో వైపు ఇటుకంత. పనిమంతురాలు అన్న మాట ఇప్పుడు వెనక్కి పోతుంది అనుకున్నాను.

"గింత కట్టం వెట్టుకునే బదులు, నాకు రాదు అత్తమ్మా అంటే అయిపోతుండె కదనే" అన్నది. "మెట్లకు లెక్క, చెమటకు లెక్క, నా నడకకు లెక్క. వంట నేర్చుకునుడే అలకగ ఉంటుండె. ఇన్ని పనులు చేసినదాన్ని పనిమంతురాలు కాదని ఎట్ల అంట?"

మెట్ల లెక్క ఆమెకెలా తెలిసిందని మా ఆయన దిక్కు చూశాను. వాచ్ నా చేతిలో లేని ఆ నాలుగు నిమిషాల పది సెకన్లలో ఆయన తల్లి చెవిలో అంతా ఒప్పేసుకున్నాడట.

మంగళవారం ఊరి బస్సెక్కాల్సిన అత్తమ్మ ప్రయాణం మానుకుంది. నేను నిమిషానికి మూడు ఉల్లిగడ్డలు కోసిన రోజే కదులుతానని తీర్మానం చేసింది. పొద్దున ఆమె నేర్పుతుంది, సాయంత్రం అమ్మాజీ గారు వచ్చి అది తప్పని చెప్పి ఇంకోలా నేర్పుతుంది. మా ఆయన వాచ్ పట్టుకుని నిలబడతాడు. రెండో అధ్యాయం అక్కడే ఉంది.

మొదటివారం నా వేగం నిమిషానికి పావు. రెండోవారం అర. నిన్న కాగితం మీద లెక్క వేసి అత్తమ్మకు చూపించాను. "వారానికి పావు చొప్పున పెరిగితే మూడుకు చేరడానికి ఇంకా పది వారాలు పడుతది అత్తమ్మా."

అత్తమ్మ నాకు ఇంకో ఉల్లిగడ్డ అందించింది.

"తొందరేమున్నది బిడ్డా. మెల్లగ కొయ్యి, చెయ్యి తెగుతది."