సంహితకు కొన్న బాల్యం

సంహితకు బాల్యం లేదని తొమ్మిదో తరగతి చివర్లో బడివాళ్లు కనిపెట్టడంతో, ఒకటి కొనుక్కురావడానికి ఆమె తండ్రి సోమశేఖర్ గురువారం సెలవు పెట్టి, మూసీ ఒడ్డున జరిగే పాత సామాన్ల బజారుకు బయల్దేరాడు.

ఆ వారం మొదట్లో ప్రిన్సిపాల్ మేడం ఆయన్ని పిలిపించింది. మార్కులకు వంక పెట్టడానికి లేదనీ, పదో తరగతి రిజిస్ట్రేషన్‌కు మాత్రం బాల్యం తప్పనిసరనీ చెప్పింది.

“ఐదో క్లాసు నుంచి మీ ఫౌండేషన్ బ్యాచ్‌లోనే ఉంది కదా మేడం, దానికి టైమెక్కడిది?” అన్నాడు సోమశేఖర్.

“మేం చదువు చెప్తాం సార్. బాల్యం పేరెంట్సే చూసుకోవాలి,” అందామె మర్యాదగా. “కంగారేం లేదు. అందరూ బయట కొనేస్తున్నారు.”

బజారులో గ్రామఫోను గొట్టాలు, చెవులు విరిగిన ఇత్తడి గుండిగలు, నవాబుల కాలం నాటివని ఒట్టేసి అమ్మే గోడ గడియారాలు దాటాక బాల్యాల వరుస వచ్చింది. టార్పాలిన్ల మీద గాజు సీసాల్లో పెట్టి అమ్ముతున్నారు. జనం పాత ఇళ్లు కూలగొట్టి ఫ్లాట్లకు మారేటప్పుడు, అటక మీది సామానుతో పాటు పాత పేపర్లవాడికి వేసినవే ఇవన్నీ. తల్లిదండ్రులు ఒక్కో సీసానీ చెవి దగ్గర ఊపి, కొబ్బరికాయల్ని ఎంచినట్టు ఎంచుతున్నారు.

గౌస్ భాయ్ అనే అమ్మకందారు ముందువరసలో మెరుస్తున్న సీసాల మీదుగా చెయ్యి తిప్పాడు. “ఇవి ఫ్యాక్టరీయి సార్. మామిడిచెట్టు, నాయనమ్మ, వాన, కాగితం పడవ. అన్నిట్ల గదే ఉంటది. అసలు మాల్ గావాల్నంటే వెనక ఉంది.”

“అసలుదని ఎట్ల తెలుస్తది?”

“అసలు దాంట్ల పగటిపూట ఏం తోచదు. గదే గుర్తు.”

కూతురి విషయంలో సోమశేఖర్ ఏనాడూ నకిలీ సరుకు కొన్నవాడు కాదు. గుడ్డమూత కట్టిన ఆకుపచ్చ సీసా ఒకటి తీసుకున్నాడు. దేవరకొండ వైపుది, ఆడపిల్లది, పెద్దగా వాడనిది.

ఇంట్లో భార్య వినోద దాన్ని వేడినీళ్లలో కలిపి పిల్లకు తలంటు పోసింది. సంహిత తువాలు చుట్టుకుని హాల్లోకి వచ్చి, “నాయినా, ఇయాల బడి లేదా?” అంది. అప్పటిదాకా ఆయన ఆ ఇంట్లో డాడీ.

సరుకు బాగా పనిచేసింది. అపార్ట్‌మెంటు వరండాలో సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడినందుకు అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. బాల్కనీలోంచి చింతగింజలు ఎంత దూరం పడతాయో ఉమ్మి చూసింది. ఆదివారం గచ్చు మీద బోర్లా పడుకుని, “ఏం తోస్తలేదు,” అని మూలిగింది. అసలు సరుకేనని సోమశేఖర్ తృప్తిపడ్డాడు. ఒక సాయంత్రం స్నానాలగదిలోంచి ఏదో చప్పుడు వస్తే వినోద పరుగెత్తింది.

“ఏమైందే?”

“ఏం లేదమ్మా, నవ్వొచ్చింది.”

వినోద చాలాసేపు ఆ తలుపు దగ్గరే నిలబడింది. మళ్లీ నవ్వుతుందేమోనని.

ఆ తర్వాత ఒకరోజు సంహిత బడినుంచి వచ్చి, బ్యాగు పారేసి, బాల్కనీ కడ్డీలు పట్టుకుని కేక పెట్టింది. “నాయినా, చంద్రి లేదు! తాడు గుంజకే ఉంది!”

చంద్రి మేక. ఆ బాల్యంలోని పిల్ల దాన్ని కూననాటి నుంచి మంచం పక్కన పెట్టుకుని పెంచింది. ఆమె బడికి వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లు అమ్మేశారు. అది జరిగి ఎన్నేళ్లయిందో గాని, సంహితకు మాత్రం ఇవాళే జరిగింది. అన్నం ముట్టలేదు. వారం పరీక్షలో లెక్కల జవాబు రాయాల్సిన చోట మేక నుదుటి మీది మచ్చను వర్ణించి వచ్చింది.

సోమశేఖర్ బజారుకు వెళ్లి నిలదీశాడు. “దుఃఖం ఉందని చెప్పలేదేంది?”

“అసలు మాల్ సార్,” అన్నాడు గౌస్ భాయ్. “దుఃఖం తీస్తే మిగిలింది నిలవది. పరేషాన్ గాకుండ్రి, వాపస్ తెచ్చి ఫ్యాక్టరీది తీస్కపోండ్రి. శానామంది గట్లనే చేస్తరు.”

ఇంట్లో సంగతి విని సంహిత తండ్రి చొక్కా పట్టుకుంది.

“వద్దు నాయినా. ఏడుపు బంద్ చేస్త. మార్కులు గూడ తెచ్చుకుంట. ఆ పిల్ల ఎట్లాగూ తన బాల్యాన్ని అమ్మేసుకుంది. నేను గూడ మర్చిపోతే చంద్రిని యాది చేసుకునేటోళ్లు ఎవరుంటరు?”

సోమశేఖర్ చొక్కా మెల్లగా విడిపించుకుని, హాల్లో కూర్చుని టీవీ సౌండు పెంచాడు.

బాల్యం కుంకుడుకాయతో దిగుతుంది. రసం తీసి వినోద పిల్ల తల రుద్దసాగింది. “కళ్లు మూసుకో తల్లీ, మండుతాయి,” అంది. తన కళ్లు ఎందుకు మండుతున్నాయో మాత్రం చూసుకోలేదు. మొదట పిల్ల గింజుకుంది. తర్వాత మేకను పేరు పెట్టి పిలిచింది. ఆ తర్వాత బుద్ధిగా తల వంచి, రేపటి టైంటేబుల్ అడిగింది.

ఫ్యాక్టరీది ఒక్క తలంటుకే అంటుకుంది. మార్కులు పుంజుకున్నాయి. బడివాళ్లు బాల్యం సంతృప్తికరమని ముద్ర వేశారు.

పదో తరగతి ముగిశాక, ఇంటర్ గురించి తల్లిదండ్రులకు సమావేశం పెట్టారు. ప్రిన్సిపాల్ మేడం మైకు సరిచేసుకుంది.

“చేరేముందు పిల్లలు తమ యౌవనాన్ని ఆఫీసులో జమ చేయాలి. ర్యాంకు వచ్చాక భద్రంగా తిరిగి ఇచ్చేస్తాం.”

వెనక కుర్చీల్లోంచి ఎవరో లేచారు.

“రసీదు ఇస్తారా మేడం?”

“తప్పకుండా ఇస్తామండి.”

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కౌంటరు దగ్గర క్యూ మొదలైంది.

“డాడీ, యౌవనం అంటే ఏంటి?” అని అడిగింది సంహిత.

“ర్యాంకు వచ్చాక ఇస్తారుగా, అప్పుడు చూద్దువులే,” అన్నాడు సోమశేఖర్. ముందున్నాయన కదలగానే, కూతురి భుజం పట్టి ముందుకు నడిపించాడు.